కాల్ సెంటరు కొలువు: గుణదోష విచారము

మన దేశమున ఏ క్రొత్త వృత్తి తలయెత్తినను దానికి మొదట దక్కునది నింద. పిదప దక్కునది అసూయ. కట్టకడపట దక్కునది గౌరవము. ఆడుపిల్ల బడిలో పంతులమ్మగా చేరిననాడు ఊరు చెవులు కొఱుకుకొనెను. ఆమె ఆసుపత్రిలో నర్సుగా రాత్రి మేలుకొనిననాడు బంధువులు ఆ యింట చేయి కడుగుటకు సంశయించిరి. టెలిఫోను ఎక్స్చేంజిలో కూర్చున్ననాడు పరపురుషులతో మాటలాడు ఉద్యోగమని ముక్కున వ్రేలు వైచుకొనిరి. ఆ నిందలు నేడు చాలవఱకు మాసిపోయినవి. వానికన్నిటికిని వారసురాలై కాల్ సెంటరు కొలువు వచ్చి నిలిచినది. ఇరువదియైదేండ్లకు పైగా మన నగరములలో నెలకొనియున్న వృత్తియైనను, సంబంధములు మాటలాడుకొను వేళ దాని పేరెత్తినచో నొసలు చిట్లించువారే నేటికిని హెచ్చు.

ఈ కొలువును గూర్చి మన యిండ్లలో జరుగు వాదమును చాలకాలముగా వినుచున్నాము. ఒకవైపున పెద్దలు, "రాత్రియెల్ల మేలుకొని, ముఖమెఱుగని దొరచేత తిట్లుతిని, పేరు మార్చుకొని బ్రతుకు బ్రతుకేమి బ్రతుకు?" అందురు. వేఱొకవైపున కొలువులకు మనుష్యులను కూర్చు దళారులు, "పట్టా యున్న చాలును, అనుభవ మక్కఱలేదు, నెల తిరుగునప్పటికి జీతము, ఇంటి ముంగిటికి బండి" యని ఊరింతురు. మొదటివారు దోషములనే చూతురు. అందును అసలు దోషములను విడిచి లేనివానిని చూతురు. రెండవవారు గుణములనే చెప్పుదురు. అందును ఆ గుణములకు చెల్లింపవలసిన మూల్యమును చెప్పరు. మా మతమిది: ఈ వృత్తి నింద్యము కాదు, దానిని నడపు పద్ధతి పెక్కు విషయముల నింద్యము. వృత్తిని వెలివేసి పద్ధతిని విడిచిపెట్టుట రోగిని తన్ని రోగమును పోషించుట వంటిది. మన శాస్త్రకారుల మర్యాద ననుసరించి పూర్వపక్షమును పరీక్షించి, పిమ్మట సిద్ధాంతమునకు వత్తము.

అంతకుముందు ఈ వృత్తి ఎట్లు పుట్టెనో, ఎట్లు నడచునో కొంచెము తెలిసికొనుట మంచిది. టెలిఫోను పుట్టిన రెండేండ్లకే, 1878 లో, అమెరికాలోని బోస్టను నగరమున ఎమ్మా నట్ అను యువతి తొలి మహిళా ఆపరేటరుగా చేరెను. అంతకుముందు ఆ పనికి కుదిర్చిన కుఱ్ఱవాండ్రు పిలిచినవారితో పెంకెగా మాటలాడుచుండుటచే యజమానులు స్త్రీలవైపు తిరిగిరి. కంఠమును కూలికిచ్చు ఈ వృత్తి ఆనాటినుండియు స్త్రీల ఓర్పును పెట్టుబడిగా చేసికొనియే పెరిగినది. మన దేశమున 1990 తరువాతి దశకమున కొన్ని విదేశపు సంస్థలు తమ లెక్కల పనులను ఢిల్లీ పరిసరములకు తరలించినవి. 1997 లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ గుర్గావులో నెలకొల్పిన శాఖ ఈ పరిశ్రమకు పెద్దబాట వేసెను. 1999 నాటి నూతన టెలికాం విధానము కాల్ సెంటరులకు నిబంధనలలో చోటు కల్పించెను. హైదరాబాదున 1998 లో సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప మాదాపురపు రాళ్ళగుట్టల నడుమ అద్దపు మేడలు లేచినవి. ఆ మేడలలో ప్రోగ్రాములు వ్రాయువారితోపాటు ఫోను నెత్తువారును చేరిరి. ఇందులకు కారణములు మూడు. వారి జీతములతో పోల్చినచో మన జీతములు స్వల్పములు. ఆంగ్లము నేర్చిన పట్టభద్రులు మనకు వేలకొలది కలరు. వారికి తెల్లవాఱునప్పుడు మనకు ప్రొద్దుగ్రుంకును.

లోపల జరుగు పని యెట్టిదో మన పెద్దలు పెక్కుమంది ఎఱుగరు. వరుసలుగా అమర్చిన గూళ్ళవంటి బల్లలు, తలకు తగిలించుకొను ఫోను, ఎదుట తెఱ. ఒక పిలుపు ముగియగనే యంత్రమే మఱియొక పిలుపును చెవిలో వేయును. ఏమి చెప్పవలయునో వ్రాసిన పాఠము ముందుండును. దానిని స్క్రిప్టు అందురు. ఒక్కొక్క పిలుపునకు పట్టిన సగటుకాలమును సెకండ్లలో లెక్కింతురు. మాటలన్నియు దాచి యుంచబడును. క్వాలిటీ శాఖవారు వానిలో కొన్నిటిని తీసి విని మార్కులు వేయుదురు. బల్ల విడిచి లేచిన నిమిషములు సైతము లెక్కలోనికే వచ్చును. బ్యాంకు కార్డు పోగొట్టుకొన్నవాడు, విమానము తప్పినవాడు, బిల్లు హెచ్చినదని మండిపడువాడు, కంప్యూటరు ముందు కూర్చుండి కన్నీరు పెట్టుకొను వృద్ధురాలు, అందఱును ఒకరివెంట నొకరు ఆ చెవిలోనే పడుదురు. విదేశపు పిలుపులు మాత్రమే కావు. మన బ్యాంకుల యొక్కయు, టెలిఫోను కంపెనీల యొక్కయు ఖాతాదారుల మొఱలను తెలుగుననే విని తెలుగుననే బదులు చెప్పువారును కలరు. వీరి జీతము విదేశపు పిలుపుల వారి జీతముకంటె తక్కువ. తినవలసిన తిట్లు మాత్రము తక్కువ కావు.

ఇక పూర్వపక్షములో మొదటి ఆక్షేపణ: ఇది నీచసేవ యనుట. సేవావృత్తిని కుక్కబ్రతుకుతో పోల్చిన స్మృతికారులను ఈ సందర్భమున స్మరించువారు కలరు. ఆ స్మృతియే ప్రమాణమైనచో కలెక్టరు కచేరీలోని గుమాస్తాయు, సచివాలయమందలి కార్యదర్శియు, మావంటి బడిపంతుళ్ళును సేవకులే కదా. కొడుకునకు సర్కారు కొలువు దొరికిననాడు తిరుపతికి మ్రొక్కు చెల్లించువారికి ఆ స్మృతి ఆనాడేల జ్ఞప్తికి రాదు? అసలు కారణము వేఱు. అధికారము చెలాయించు కొలువు గొప్పది, అడిగినవానికి జవాబు చెప్పు కొలువు తక్కువది అను భావము మనలో పాతుకొనియున్నది. కిటికీ కవతల నిలిచిన బీదవానిని కసరి "రేపు రమ్ము" అనువాడు ఉద్యోగి, కసరినవానికి సైతము "మీకేమి సహాయము చేయగలను?" అనువాడు బంట్రోతు! చేతిపనికంటె పెత్తనము గొప్పదని తలచు పాత కులాభిమానమే ఇక్కడ క్రొత్త చొక్కా తొడుగుకొని వచ్చినది. నోరు మంచిదైన ఊరు మంచిదను సామెత మనదే. ఆ మంచి నోరే జీవనోపాధియైనప్పుడు మనకది చిన్నతనమైనదా?

ఫోనునెత్తు పని యెంతటిదో తెలియగోరువారు 108 సేవను తలచుకొనవలయును. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదున ప్రారంభమైన ఆ సేవ తరువాత పెక్కు రాష్ట్రములకు వ్యాపించినది. రహదారిమీద రక్తము కారుచున్న మనుష్యుని పక్క నిలిచి ఎవరో ఆ సంఖ్యను నొక్కినప్పుడు, ఆ మొఱను మొట్టమొదట వినునది వైద్యుడు కాదు, బండి నడుపువాడు కాదు. హెడ్‌ఫోను తగిలించుకొని కూర్చున్న ఉద్యోగియే. ఏడ్పుల నడుమనుండి ఊరిపేరును, దారి గుర్తును, గాయపు తీరును రాబట్టి, పిలిచినవాని గుండె చెదరకుండ చూచుచు, దగ్గఱనున్న బండిని కదలించుట ఆ ఉద్యోగి పని. ఆ విద్యయు, బ్యాంకు కాల్ సెంటరులో కూర్చున్న బాలిక విద్యయు జాతిచేత ఒకటియే: కనబడని మనుష్యుని కష్టమును మాటలచేత పట్టుకొనుట. ఇట్టి విద్యను మా పాఠశాలలు పదియేండ్లలో నేర్పలేకున్నవి. ఈ కొలువు ఆఱు నెలలలో నేర్పుచున్నది. ఈ మాట చెప్పుటకు మాకు కొంచెము సిగ్గుగానే యున్నది.

రెండవ ఆక్షేపణ ఆడుపిల్లల రాత్రి ఉద్యోగమును గూర్చినది. వాదమంతటికిని కీలకము ఇదియే. స్త్రీలను రాత్రి ఏడుగంటలు మొదలు ఉదయము ఆఱుగంటల వఱకు కర్మాగారములలో పనికి పెట్టరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము నిషేధించెను. అంగళ్ళకును, కచేరీలకును రాష్ట్రములు చేసిన చట్టములలోను ఇట్టి నిషేధములుండెను. కాల్ సెంటరులు వచ్చిన పిదప ప్రభుత్వములు, రాకపోకలకు బండియు రక్షణయు కల్పింపవలయునను షరతుమీద, వానికి మినహాయింపులిచ్చినవి. 2020 లో పార్లమెంటు చేసిన వృత్తిభద్రతా చట్టసంహిత స్త్రీ తాను సమ్మతించినచో రాత్రి పని చేయవచ్చునని అంగీకరించెను. చట్టము ఎదిగినది, ఇల్లు ఎదుగలేదు.

పెద్దలు ఇచ్చట దారుణములను ఉదాహరింతురు. అవి నిజములు. 2005 డిసెంబరులో బెంగుళూరున రాత్రి కొలువునకు బయలుదేరిన ఒక ఉద్యోగినిని ఆమెను కొనిపోవచ్చిన బండి డ్రైవరే చెఱచి చంపెను. 2007 నవంబరులో పూనాలో అట్టి ఘోరమే మరల జరిగెను. ఈ వార్తలు చదివిన తల్లిదండ్రుల భయమును మేము తేలికచేయము. కాని ఆ భయమునుండి వారు తీయు తీర్పును ఒప్పుకొనము. బండి నడుపువాడు హంతకుడైనచో కట్టడి చేయవలసినది బండినా, బాలికనా? నేరస్థునకు వీథి విడిచి, నిర్దోషికి తలుపు బిగించు న్యాయము ఏ ధర్మశాస్త్రమున నున్నది? ఆసుపత్రిలో మన అమ్మకు రాత్రి మందిచ్చు నర్సు ఎవరి కూఁతురో యైనచో ఆమె దేవత. మన కూఁతురు రాత్రి పనికి పోయినచో మర్యాద పోవును! ఈ తర్కము మాకు కొఱుకుడు పడదు.

మా పాఠశాలలో చదివిన ఒక బాలిక సంగతి చెప్పుదుము. తండ్రి ఆటో నడుపువాడు. ఆమె డిగ్రీ ముగించి నగరమున కాల్ సెంటరులో చేరెను. మూడేండ్లలో తండ్రి అప్పు తీర్చెను. తమ్ముని పాలిటెక్నిక్ చదువునకు రుసుము కట్టెను. వానకు కాఱు పెంకుటింటికి కొత్త కప్పు వేయించెను. సంబంధము చూడవచ్చినవారు కాఫీ త్రాగి, "రాత్రి ఉద్యోగమా?" అని ఒకరి మొగము లొకరు చూచుకొని లేచిపోయిరి. తరువాత తెలిసినదేమనగా, ఆ వరుడును నగరమందలి ఒక సంస్థలో అదే అమెరికా పనిని అదే రాత్రివేళ చేయుచున్నవాడే. వానికది ఐటీ ఉద్యోగము. ఆమె కది రాత్రి తిరుగుడు! వాని నిద్రలేమి కష్టార్జితమునకు గుఱుతు; ఆమె నిద్రలేమి శీలమునకు మచ్చ! వీరేశలింగము పంతులుగారి విగ్రహమునకు ఏటేట పూలమాల వేయు నగరములలోనే ఇది జరుగుచున్నది.

సొంత పేరిట బ్యాంకు ఖాతా, ఆ ఖాతాలో నెలనెల పడు జీతము, ఆ జీతమును ఎట్లు వాడుదునో తానే నిర్ణయించుకొను అధికారము: ఈ మూడును ఆడుపిల్ల చేతికి వచ్చిన పిదప ఇంటిలో ఆమె మాటకు విలువ పెరుగును, కట్నము బేరములలో "చాలును" అనుటకు ధైర్యము వచ్చును, కొట్టు మగని యిల్లు విడిచి నిలుచుటకు చోటు దొరకును. ఉపన్యాసములు ఎన్నియేండ్లు చేసినను రాని సంస్కారము ఒక్క జీతపు చీటీతో వచ్చుట మేము చూచితిమి. పెద్ద సిఫారసు గాని, లక్షలు పోసిన ఇంజనీరింగు పట్టాగాని లేని బీదయింటి పిల్లకు ఈ తలుపు తెఱచియున్నది. అందువలననే ఈ వృత్తి నింద్యము కాదని గట్టిగా చెప్పుచున్నాము.

మూడవ ఆక్షేపణ పేరును, నాలుకను గూర్చినది. విదేశపు పిలుపుల కొలువులలో చేరినవారికి, పిలుచువారి నోట పలుకుట సులభమగునని, మాఱుపేరు పెట్టు వాడుక చాలచోట్ల నుండెను. లక్ష్మి లూసీ యగును, వేంకటేశ్వర్లు విన్సెంటగును. యాసను అణచుటకు ప్రత్యేకముగా శిక్షణ నిత్తురు. మాటలాడుచుండగనే యాసను మార్చి వినిపించు యంత్రమును 2025 నాటికి మన దేశపు కాల్ సెంటరులలో కొన్నిట ప్రవేశపెట్టిరి. ఈ విషయమున మేము పెద్దలతో సగమువఱకు ఏకీభవించుచున్నాము. ఆంగ్లమును స్పష్టముగా పలుకుట విద్య. దానిని మేము బడిలో నేర్పుచునేయున్నాము. ఆంగ్లేయుడనని నమ్మించుట విద్య కాదు, వేషము. పిలిచినవాడు మన పేరును పలుకలేకున్నచో రెండు మాఱులు చెప్పించుకొని నేర్చుకొనవచ్చును. వాని పేరును మనము నేర్చుకొనలేదా? ప్రతిరాత్రి పనిలో అడుగిడగనే తన పేరును చెప్పులవలె గుమ్మము వెలుపల విడువవలసి వచ్చుట మనుష్యుని మనసును లోలోన తినివేయును.

అయినను, ఈ ఆక్షేపణ చేయుటకు మనలో ఎందఱికి హక్కున్నది? మూడేండ్ల పసివాడు బడిలో తెలుగు మాటలాడినందులకు జుల్మానా వేయు పాఠశాలను వెదకివెదకి పిల్లలను చేర్చినది మనమే. ఇంటికి వచ్చిన చుట్టములముందు వానిచేత ఆంగ్లపు పాటలు పాడించి మురిసినది మనమే. పదునెనిమిదేండ్లు వాని నాలుకను మనమే చెక్కి, పిదప కాల్ సెంటరు వాని నాలుకను చెఱచినదని వాపోవుట హాస్యాస్పదము.

ఇంతవఱకు పూర్వపక్షమును ఖండించితిమి. ఇక అసలు దోషములను చెప్పుదుము. ఇవి మన పెద్దలు చూడనివి, దళారులు చెప్పనివి.

మొదటిది రాత్రి. న్యూయార్కులో ఉదయము తొమ్మిది గంటలైనప్పుడు మనకు వేసవిలో సాయంకాలము ఆఱున్నర, శీతకాలమున ఏడున్నర. కాలిఫోర్నియావారి పగటి కొలువు మనకు శీతకాలమున రాత్రి పదిన్నరకు మొదలై తెల్లవాఱి ఆఱున్నరకు ముగియును. మనుష్యదేహమున ప్రతి కణమునకును ఒక గడియారము కలదనియు, అది వెలుగునుబట్టి నడచుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ గడియారపు యంత్రరచనను విప్పి చూపిన హాల్, రోస్‌బాష్, యంగ్ అను మువ్వురకు 2017 లో నోబెలు బహుమానము లభించెను. రాత్రి కొలువు మనుష్యులలో పుట్టకురుపు కలిగించు సంభావ్యత గలదని ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాసంస్థ 2007 లోను, మరల 2019 లోను వర్గీకరించెను. నిద్ర చెడి, వేళ తప్పి తిని, ఆకలి మందగించి, చిన్నవయసుననే ఒడలు పాడుచేసికొనుచున్న పిల్లలను మేము కన్నులార చూచుచున్నాము. రాత్రికి ఇచ్చు అదనపు సొమ్ము కూలి కాదు. ఆరోగ్యమునకు చెల్లించు క్రయధనము. ఆ క్రయము చాల తక్కువ.

రెండవది గడియారము. వృద్ధురాలొకతె తన కష్టము చెప్పుకొనుచుండగా తెఱమీద సెకండ్లు ఎఱ్ఱబడుచుండును. ఆమెకు పూర్తిగా సహాయము చేసినచో సగటుకాలము మీఱి మార్కులు తగ్గును. త్వరపెట్టినచో ఆమె మరల పిలుచును. ఓపికను గుణమని బోధించి, ఓపిక పట్టినందులకు శిక్షించు కొలువు ఇది.

మూడవది మనసు. అమెరికా సామాజికశాస్త్రజ్ఞురాలు ఆర్లీ హోక్‌షీల్డు 1983 లో విమానముల పరిచారికలను, బాకీలు వసూలుచేయువారిని పరిశీలించి ఒక గ్రంథము ప్రకటించెను. కూలికి చేయి కదలించినట్లే కూలికి నవ్వుటయు, కూలికి కోపగించుటయు ఒక శ్రమయేయని ఆమె చూపెను. తిట్టువానికి నవ్వుచు బదులు చెప్పి, ఆ కోపమును ఎక్కడ పోయవలయునో తెలియక ఇంటికి తెచ్చుకొను పిల్లల బాధ ఇదియే. బూతులాడువాని పిలుపును తానై ముగించు అధికారము ఉద్యోగికి చాలచోట్ల లేదు. వీథిలో ఒకడు ఆ మాటలే అన్నచో పోలీసులను పిలుతుము. ఫోనులో అన్నచో "అసౌకర్యమునకు క్షమింపుడు" అనవలయును!

నాలుగవది నిచ్చెన లేకుండుట. ఇరువది రెండేండ్లకు చేతికి వచ్చిన జీతము కన్నులు మిఱుమిట్లు గొలుపును, చదువు ఆగును. వందమందికి ఒక్కడు నాయకుడు కాగలడు. తక్కినవారు ముప్పదియేండ్లు దాటునప్పటికి అలసి వెలుపలికి వత్తురు. వారి చేతిలో నున్నది అనుభవమే గాని పట్టాకాదు. నష్టము యజమానికి లేదు. క్రింది యేటి పట్టభద్రులు గుమ్మమున నిలిచియేయుందురు.

అయిదవది మోసము. 2016 అక్టోబరులో ముంబయి సమీపమందలి మీరా రోడ్డులో పోలీసులు కొన్ని కాల్ సెంటరులపై దాడిచేసి ఏడువందలమందికి పైగా నిర్బంధించిరి. అచ్చటివారు అమెరికా పన్నుల శాఖాధికారులమని బెదిరించి అమాయకులవద్ద సొమ్ము గుంజుచుండిరి. ఈ చీడ నేడు సముద్రము దాటినది. డేటా ఎంట్రీ ఉద్యోగములని ఎఱచూపి మన తెలుగుయువకులను కంబోడియాకు పంపి, అచ్చట బలవంతముగా సైబరు మోసములు చేయించిన వ్యవహారమును విశాఖపట్టణపు పోలీసులు 2024 మేనెలలో బయటపెట్టిరి. 2025 మార్చిలో మియన్మారు సరిహద్దులనుండి విడిపింపబడి విమానములలో తిరిగివచ్చిన వందలాది భారతీయులలోను తెలుగువారుండిరి. మన పిల్లల మాటకారితనము ఒకచోట ప్రాణము నిలుపుచున్నది. మఱియొకచోట ముసలివారి పింఛను దోచుచున్నది. కంఠమును కొనువాడెవడో విచారింపక అమ్మరాదు.

ఆఱవదోషము కొలువులోనిది కాదు, మన యింటిలోనిది. అబ్బాయి రాత్రి పనిచేసి వచ్చినచో ఇంటిల్లిపాదియు మెల్లగా నడచును; కిటికీలకు తెఱలు వేయుదురు; టీవీ గొంతు తగ్గింతురు. కోడలు రాత్రి పనిచేసి ఆఱున్నరకు ఇల్లు చేరినచో పొయ్యి ఆమెకొఱకు కాచుకొనియుండును. బిడ్డల అన్నపుగిన్నెలు, అత్తగారి కాఫీ, పాలవాని లెక్క ముగిసి ఆమె పడకనుచేరు వేళకు ఎండ నడినెత్తికి వచ్చును. "పగలు నిదురించు కోడలు" అని ఇరుగుపొరుగు నవ్వుదురు. 2020 నవంబరులో కేంద్రప్రభుత్వము నిబంధనలను సడలించి ఇంటినుండి పనిచేయుటకు వీలు కల్పించిన పిదప ఈ బాధ మఱింత పెరిగెను. రెండు గదుల ఇంటిలో ఒక చెవిలో అమెరికా, ఒక చెవిలో కుక్కరు కూత! యజమాని అన్యాయమును గూర్చి మాటలాడుటకు ముందు ఈ అన్యాయమును మాన్పుకొనుటకు ఏ చట్టమును అక్కఱలేదు. ఆమె జీతము తిను ఇల్లు ఆమె నిద్రను తినరాదు.

"ఇక ఈ చర్చ యేల? కృత్రిమమేధ వచ్చినది, యంత్రములే మాటలాడును, ఈ కొలువులు ఎట్లును పోవును" అని కొందఱు చదువుకొన్నవారు చప్పరింతురు. యంత్రము రాదని మేము చెప్పము. ఆపరేటరు అవసరములేని ఎక్స్చేంజికి ఆల్మన్ స్ట్రోజరు 1891 లోనే పేటెంటు పొందెను; ఆపరేటరు కొలువులు వెంటనే పోలేదు గాని క్రమముగా తఱుగుచు వచ్చినవి. నేడును అట్లే జరుగవచ్చును. అయినను 2024 లో తన యంత్రసహాయకుడు ఏడువందలమంది పని చేయుచున్నాడని చాటుకొన్న స్వీడను దేశపు క్లార్నా సంస్థ మఱుసటియేడే మనుష్యులను మరల తీసికొందునని ప్రకటించెను. సులువైన ప్రశ్నలు యంత్రమునకు పోవును. ఏడ్చువాడు, మండిపడువాడు, చెప్పుకొనలేనివాడు మనుష్యునకు మిగులును. అనగా కొలువులు తగ్గును, మిగిలిన కొలువు మఱింత బరువెక్కును. బరువెక్కిన పనికి జీతమును, విశ్రాంతియు పెరుగవలదా? పోవుచున్న కొలువని చెప్పి ఉన్నవారి హక్కులను విస్మరించుట చచ్చువానికి మందేల యనుట వంటిది.

హక్కులు అడిగినవారికే వచ్చినవి. 1919 ఏప్రిలులో అమెరికాలోని న్యూ ఇంగ్లండు ప్రాంతపు టెలిఫోను ఆపరేటరులు, అందఱును యువతులు, జూలియా ఓకానరు నాయకత్వమున సమ్మె చేసిరి. టెలిఫోనులు మూగవోయినవి. వారము తిరుగకముందే జీతములు పెరిగినవి. వారినిగూర్చియు ఆనాటి మర్యాదస్థులు "ఆడుపిల్లలకు ఈ బరితెగింపేమి" అనియేయుందురు. మన కాల్ సెంటరుల పిల్లలు లక్షలకొలది యున్నను విడివిడిగా నున్నారు. సంఘమన్నచో ఉద్యోగము పోవునని వెఱతురు. ప్రక్కబల్లవానితో మాటలాడుటకు సైతము వేళలేని కొలువులో సంఘమెట్లు ఏర్పడునని అడుగవచ్చును. ఇండ్లలోని పెద్దలు నిందను మాని అండ నిచ్చినచో ఏర్పడును.

కాబట్టి మేము కోరునది ఇది. యజమానులు ఉద్యోగి సొంతపేరును గౌరవింపవలయును. బూతులాడువాని పిలుపును ముగించు అధికారము నీయవలయును. ఒక్కరినే ఏండ్లతరబడి రాత్రికి కట్టివేయక వంతులు మార్చవలయును. ఏటేట వైద్యపరీక్షలు తమ ఖర్చున చేయింపవలయును. దూరవిద్యచే పైచదువు చదువువారికి సెలవును, సాయమును కల్పింపవలయును. ప్రభుత్వము రాత్రి బండ్లను, డ్రైవర్ల పూర్వచరిత్రను కాగితముమీద గాక రహదారిమీద పరీక్షింపవలయును. విదేశములకు కొలువులపేర మనుష్యులను పంపు దళారులను గుఱుతుపట్టి శిక్షింపవలయును. యువకులు చేరుటకుముందు మూడు ప్రశ్నలు అడుగవలయును: నేను ఎవరి పేర మాటలాడుదును? నా మాటవలన ఎవరికైనను నష్టము కలుగునా? అయిదేండ్లకు నేనెక్కడ నుందును? వీనికి జవాబు దొరకని కొలువు ఎంత జీతమిచ్చినను విడువదగినది.

తల్లిదండ్రులారా, మీకు చెప్పవలసినది ఒక్కటియే. మీ కూఁతురు రాత్రి పనికి బయలుదేరునప్పుడు గుమ్మమున నిలిచి బండి సంఖ్య వ్రాసికొనుడు. తెల్లవాఱి వచ్చినప్పుడు కిటికీ తెఱ వేసి నిద్రపోనిండు. సంబంధము వచ్చినప్పుడు ఆమె కొలువును దాచక తలయెత్తి చెప్పుడు. దానిని విని కాఫీ త్రాగి లేచిపోవువారిని పోనిండు. అట్టివారింటికి పిల్లనిచ్చుటకంటె ఆమె తన జీతముతో తానే బ్రతుకుట వేయిరెట్లు మేలు.